చాచా దుకాణంలో దొరికిన తప్పు

నాకు కావలసింది పాత ల్యాప్‌టాప్. ఇంట్లో కొత్తవి రెండున్నాయి కానీ వాటితో నా పని జరగదు.

నేను కెర్నెల్‌కు కోడ్ రాస్తాను. ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్నిటికన్నా అడుగున ఉండి, మిగతా ప్రోగ్రాములన్నిటినీ నడిపించే భాగం అది. దేశదేశాల వాళ్లం కలిసి రాసే ఆ కెర్నెల్‌లో ఆ ఎండాకాలం నా వంతుకు ఎన్‌క్లేవ్‌లు వచ్చాయి. ప్రాసెసర్ ఒక ప్రోగ్రాముకు ప్రత్యేకంగా ఇచ్చే రహస్యపు చోటును ఎన్‌క్లేవ్ అంటాం. అందులో ఏముందో కెర్నెల్‌కు కూడా కనిపించదు. అక్కడేదైనా తేడా వస్తే ప్రాసెసర్ పని ఆపేసి కెర్నెల్‌ను పిలుస్తుంది. ఆ పిలుపు పేరు ఎక్సెప్షన్. లోపలికి చూసే వీల్లేకుండానే ఏం చెయ్యాలో కెర్నెల్ తేల్చుకోవాలి. ఆ తేల్చుకునే కోడ్ నాది. తీరా పరీక్షిద్దామంటే, కొత్త ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో ఆ సౌకర్యమే తీసేశారు.

చివరికి కరీంనగర్ బస్టాండు దగ్గర ఒక రిపేరు దుకాణంలో అలాంటి పాతది కనిపించింది. దుకాణం నడిపే ఆయనను అందరూ చాచా అంటారు. రేడియోలతో మొదలుపెట్టి, టీవీల మీదుగా ల్యాప్‌టాప్‌ల దాకా వచ్చిన మనిషి. అరవై దాటినా కళ్లజోడు లేకుండా సన్న తీగలు అతికిస్తాడు.

“గిది అమ్మేది కాదు బిడ్డా. దీంట్ల నా పాటలున్నయ్,” అన్నాడు. నా మొహం చూసి జాలిపడ్డట్టున్నాడు. “పనుంటే రోజూ వచ్చి ఈడనే కూసో. ఎవలొద్దంటరు?”

మర్నాటి నుంచి టిఫిన్ డబ్బా పట్టుకుని పదింటికల్లా దుకాణంలో ఉండేదాన్ని. ఆయన పాటలు చెదరకుండా నా కెర్నెల్‌ను వేరే డిస్కులో పెట్టుకున్నాను. పరీక్ష కోసం ఒక చిన్న ప్రోగ్రాము రాశాను. అది ఎన్‌క్లేవ్‌లోకి వెళ్లి ఏవో లెక్కలు చేసి బయటికి రావాలి, మళ్లీ వెళ్లాలి. పొద్దున పూటంతా చక్కగా నడిచేది. మధ్యాహ్నం టీ తాగొచ్చి చూస్తే ఎక్కడో ఇరుక్కుపోయి ఉండేది.

పది రోజులు దాని వెంట పడ్డాను. రెండు పనులు ఒకే క్షణంలో ఎదురుపడి ఢీకొంటున్నాయేమో అనుకుని కాగితాల నిండా బాణం గుర్తులు గీశాను. కెర్నెల్ చెప్పేది మాత్రం ఒకటే ముక్క: ఎన్‌క్లేవ్ గుమ్మం దగ్గర ఎక్సెప్షన్. లోపల ఏమైందో దానికే తెలియదు, ఇక నాకేం చెబుతుంది?

పదకొండో రోజు చాచా ఏదో బోర్డుకు తీగ అతికిస్తూ, తలెత్తకుండానే అన్నాడు.

“ఏమనుకోకుంటే ఒక మాట చెప్త బిడ్డా. గా ఫ్యాన్ ఇనవడ్తలేదా నీకు?”

“ఏ ఫ్యాన్ చాచా?”

“గా ల్యాప్‌టాప్‌లది. పొద్దటి సంది మెల్లగ తిరుగుతది. నేను నమాజుకు పోయొచ్చి మూత తెరుస్త సూడు, గప్పట్నుంచి గాయి గాయి చేస్తది. రోజూ గదే కథ.”

“మూత ఎందుకు మూస్తున్నవ్?”

“మూయకుంటే రోడ్డు మీది దుమ్మంత దాంట్లకే గద! నువ్వు టీ తాగొచ్చే వరకు తెరిచి, తుడిచి పెడ్తున్న. ఏం, తప్పయిందా?”

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మూత మూస్తే ల్యాప్‌టాప్ నిద్రపోతుంది. నిద్రపోతే ఎన్‌క్లేవ్‌లో ఉన్నదంతా పోతుంది, దాన్ని తెరిచే తాళంచెవి ప్రాసెసర్ నుంచి చెరిగిపోతుంది. మెలకువ రాగానే పాపం ప్రోగ్రాము అక్కడికే వెళ్లబోతుంది, ఎక్సెప్షన్ వస్తుంది. ఇదేదో చిన్న ఆటంకం అనుకుని నా కోడ్ “మళ్లీ వెళ్లు” అంటుంది. మళ్లీ ఎక్సెప్షన్, మళ్లీ “వెళ్లు”. ఆగకుండా తిరిగే ఆ తిరుగుడుకు ప్రాసెసర్ వేడెక్కి, దాన్ని చల్లార్చడానికి వచ్చేదే ఫ్యాన్ మోత!

ప్రోగ్రామును మొదటి నుంచి నడిపి, “చాచా, మూత మూయి!” అన్నాను.

మూశాడు. కాసేపాగి తెరిచాడు. ఫ్యాన్ హోరుమంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. “ఇంకొక్కసారి,” అని తనే మూశాడు. మళ్లీ అదే హోరు. నేను చప్పట్లు కొడుతుంటే పక్క జిరాక్సు దుకాణం ఆయన తొంగిచూసి, “ఏమైంది, లాటరీ తగిలిందా?” అని అడిగాడు.

దిద్దుబాటు కొన్ని లైన్లే. అలాంటి ఎక్సెప్షన్ వస్తే ప్రోగ్రామును మళ్లీ లోపలికి తోయకుండా, ఏ ఎక్సెప్షన్, ఏ చోట అన్నది దానికే చెప్పేసి, కొత్త ఎన్‌క్లేవ్ కట్టుకోమనాలి. సాయంత్రానికి అయిపోయింది. చాచా మూత మూసి, తెరిచి, చెవి దగ్గరగా పెట్టాడు.

“సప్పుడు లేదు. ఖతం!”

మార్పును పంపేటప్పుడు దాని కింద తప్పు కనిపెట్టిన వాళ్ల పేరు రాయడం మా పద్ధతి. అడిగితే ముందు “నా పేరెందుకు” అని సిగ్గుపడ్డాడు. తర్వాత తండ్రి పేరూ తాత పేరూ కలిపి ఒక్కొక్క అక్షరం విడదీసి చెప్పాడు. పేరు పక్కన రాసే ఈమెయిలు అడ్రసు కోసం ఫోనంతా వెతికాడు. ఫ్యాన్ చప్పుడు సంగతి కూడా రాసి మార్పును పంపాను.

మూడు రోజులకు జవాబొచ్చింది. మార్పులు పరిశీలించే ఆవిడ ఉండేది ఎక్కడో చలిదేశంలో. కోడ్ బాగుందట. పేరున్న లైను మాత్రం, లైనుకు ఇన్ని అక్షరాలే అని మేం పెట్టుకున్న హద్దు దాటిందట. ‘చెవితో తప్పు పట్టిన మనిషి పేరును నేను కత్తిరించలేను, అలాగే ఉంచండి,’ అని రాసింది.

అదే ఉత్తరం చాచాకూ చేరింది. ఆ రోజు నేను వెళ్లేసరికి దుకాణం ముందు జిలేబీ పొట్లం విప్పి ఉంది. జిరాక్సాయనకు చాచా గట్టిగా వివరిస్తున్నాడు: “దునియల ఏ కంప్యూటర్ సూడు, లోపల నా పేరుంటది!”

పూర్తిగా నిజం కాదు. దిద్దబుద్ధి కాలేదు. నా వాటా జిలేబీ తీసుకుని పక్కన కూర్చుని, ఆయన మళ్లీ మొదటి నుంచి చెబుతుంటే విన్నాను.