దాక్కోవడానికి వేసిన పులివేషం

సరిహద్దులో సైనిక పోస్టుకు చేరిన మధ్యాహ్నం మంచు పడుతోంది. హెలికాప్టర్ మమ్మల్ని దింపి వెంటనే వెళ్లిపోయింది. పద్దెనిమిది వేల అడుగుల ఎత్తు. ఆరుగురం. ఒక గుడిసె, కిరోసిన్ పొయ్యి, మనిషికో తెల్లకోటు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన హవల్దారు మొదటి ఆర్డరు ఇచ్చాడు.

"ఇక్కడ ఒకటే రూలు తమ్ముడూ. గట్టు మీద నిలబడకు. అవతలోడికి కనబడ్డావా, పోనావు."

కాపలా దిగి వస్తే రేడియో ఆపరేటర్ అడిగేవాడు, "ఎవరి కంటా పడలేదుగా?" పడలేదని చెబితే "శభాష్, టీ తాగు" అనేవాడు. నెలల తరబడి అదే మాట. ఎవరి కంటా పడకపోతేనే ప్రాణం.

సర్వీసు ముగించి ఒడిశాలోని మా ఊరు బరంపురం వచ్చాను. ఆ రూలు కూడా నాతోనే వచ్చింది. మాది గేట్ బజార్‌లో కిరాణా హోల్‌సేల్ కొట్టు. మొదటి రోజే కొట్టుకు బయలుదేరాను. ఆటోలు, మూటలు, బేరాలు, అందరి కళ్లూ నా మీదే అనిపించింది. గుండె దడదడలాడింది. చేతులు చల్లబడ్డాయి. చచ్చిపోతున్నాననుకుని ఇంటికి పరుగెత్తాను. ఆ తర్వాత గడప దాటలేదు. తూటాకి బెదరనివాడు ఉల్లిపాయలు బేరమాడే ఆడవాళ్లకి బెదిరాడు! నవ్వితే నవ్వండి, నాకు మాత్రం ఏడుపొచ్చేది. నాలుగేళ్ల మా చిట్టి నన్ను బయటికి రమ్మని అడగడం కూడా మానేసింది. అది మరీ బాధ.

ఇంటికొచ్చి చూసిన డాక్టరు నన్ను పిరికివాడనలేదు. ఇదొక జబ్బు, నయమవుతుందన్నాడు. మాత్రలిచ్చాడు. రోజూ కొంచెం దూరం వెళ్లాలి, దడ వస్తే పారిపోకుండా అక్కడే నిలబడాలి, దానంతటదే దిగుతుందని చెప్పాడు. ముందు గడప, తర్వాత సందు మలుపు, తర్వాత టీ కొట్టు. అక్కడితో ఆగిపోయాను.

ఆ ఏడు ఠాకురాణి అమ్మవారి జాతర వచ్చింది. మా ఊళ్లో మొక్కుకున్నవాళ్లు వేషం కట్టి వీధుల్లో తిరుగుతారు. మా ఆవిడ నా పేరున మొక్కేసింది.

"ఏ ఏసమైనా పర్లేదు, కట్టండి. అమ్మోరికి సెప్పేసేను."

పులివేషం అన్నాను. మొహమంతా రంగే, ఇంక నన్నెవరు గుర్తుపడతారు? మంచి ఎత్తు వేశాననుకున్నాను. నా బుర్ర తగలెయ్య! పులి వెంట డప్పులుంటాయి. డప్పులుంటే జనం మూగుతారు. ప్రతి కొట్టు ముందూ ఆగి ఆడాలి. పుట్టి పెరిగిన ఊళ్లో ఈ మాత్రం తట్టలేదు.

సాయంత్రం, ఎండ ఇంకా ఉంది. గేట్ బజార్ నడుమ జనం చుట్టుముట్టారు. "నాచ భాయి, నాచ!" అని, ఆడమంటూ డప్పులవాడు ఒడియాలో కేకేశాడు. కాళ్లు కదల్లేదు. అదే దడ, అవే చల్లటి చేతులు. చిట్టిని వెంటబెట్టుకుని మా ఆవిడ పక్కకొచ్చింది.

"ఇంటికెల్లిపోదామా?"

"ఉండు," అన్నాను. "తగ్గుద్దేమో సూద్దాం."

నిలబడ్డాను. చెమటకి రంగు కారిపోయింది. ఎదురు బట్టల కొట్టు బాబాయి కళ్లు చిట్లించి చూశాడు.

"ఓర్నీ! మన కిరాణా కొట్టోల్ల అబ్బాయి కాదేటి? ఇన్నాల్లూ ఏటైపోనావురా?"

అందరూ చూశారు. కనబడిపోయాను, ఇక దెబ్బ పడుతుందని కాచుకున్నాను. పడలేదు. ఎవరో మజ్జిగ గ్లాసు చేతిలో పెట్టారు. తాగేసరికి దడ దిగింది. అప్పుడు ఆడాను, ఎంత దరిద్రంగా ఆడానో! జనం విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. అబ్బ, ప్రాణం ఎంత హాయిగా ఉందో!

ఇంటికి నడిచే వచ్చాం. ఇప్పుడు రోజూ కొట్టుకు వెళ్తున్నాను. జనం మరీ ఎక్కువైతే దడ పలకరిస్తుంది. నిలబడతాను, పోతుంది. మంచు కొండలు కలలోకి రావడం తగ్గింది. ఆ సాయంత్రం మాత్రం కళ్ల ముందు నుంచి కదలదు. బట్టల కొట్టు అరుగెక్కి, చెయ్యి చాచి, వేలితో నన్ను బజారంతటికీ చూపిస్తూ మా చిట్టి అరుస్తోంది:

"ఆ పులి మా నాన్నే! అందరూ సూడండి, మా నాన్నే!"