సుగుణ ముదురు చీరలు

నిన్న పొద్దున బెజవాడ బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆటోలో ఉన్నాను. ఒళ్ళో క్యారేజీ. హాస్పిటల్లో ఉన్న సుగుణకి మిరియాల చారు, మెత్తటి అన్నం తీసుకెళ్తున్నాను.

ఫోన్ మోగింది. సుగుణ కోడలు.

"ఆంటీ... అత్తయ్య ఇక లేరండీ."

పచ్చ లైటు పడింది. ఎటు వెళ్ళాలమ్మా అని ఆటో అతను రెండుసార్లు అడిగాడు. హాస్పిటల్‌కే పోనీ అన్నాను.

నాలుగు రోజుల క్రితం రక్తం తక్కువైందని అడ్మిట్ చేశారు. రెండు బాటిల్స్ ఎక్కిస్తే లేచి కూర్చుంటుంది అనుకున్నాను. అసలు సంగతి నిన్న హాస్పిటల్ వరండాలో తెలిసింది.

గర్భసంచిలో కాన్సర్. ఊపిరితిత్తుల దాకా పాకేసింది. ఏడాదిగా రక్తం కనబడుతోందట. ఎవ్వరికీ చెప్పలేదట. తన బట్టలు తనే ఉతుక్కునేదట.

సుగుణ దాచిందా?

సుగుణా?

నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు. ఎందుకో చెప్తాను. నాకు సిగ్గుపడే వయసు దాటిపోయింది. చదివేవాళ్ళు సిగ్గుపడితే పడండి.

డెబ్బైల నాటి మాట. గన్నవరం దగ్గర మా ఊళ్ళో ఇద్దరం ఒకే బడిలో టీచర్లం. ఒకే చర్చి. నాకు ఇరవై ఆరేళ్ళు, ఇద్దరు ఆడపిల్లలు.

నెలసరికీ నెలసరికీ మధ్యలో రక్తం కనబడటం మొదలైంది. మా ఆయనతో కలిసిన మర్నాడు కూడా. దానికి తోడు తెల్లబట్ట, వాసన. మా అత్తగారు "వేడి చేసిందే" అని సబ్జా నీళ్ళు, మెంతి మజ్జిగ ఇచ్చేవారు. గ్లాసులకి గ్లాసులు తాగాను. ఏమీ తగ్గలేదు.

మా చర్చిలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, రొట్టే ద్రాక్షరసమూ తీసుకునే ఆరాధన. ఆ రోజు ఆడవాళ్ళం అందరం తెల్లచీరలే. రూల్ ఎవరూ రాయలేదు, కానీ కట్టుకోకపోతే అందరి కళ్ళూ మన మీదే ఉంటాయి. నేను మరక పడుతుందేమోనని భయపడి, ముదురాకుపచ్చ మంగళగిరి చీర కట్టుకుని వెనక వరసలో కూర్చునేదాన్ని. ఎవరైనా అడిగితే తెల్లచీర చాకలికి వేశానని చెప్పేదాన్ని.

నాలుగో నెల ఆరాధన అయ్యాక సుగుణ నన్ను చర్చి వెనక నుయ్యి దగ్గర నిలబెట్టేసింది.

"నాలుగు నెలల్నించీ నీ తెల్లచీర చాకలింటి నించి రాలేదా? ఏం దాస్తున్నావే కరుణా?"

ఏడ్చేశాను. అంతా చెప్పేశాను.

ఓదారుస్తుందనుకున్నాను. తిట్టింది. "పంటి నెప్పొస్తే ఊరంతా చెప్పుకుంటావ్. దీనికి మాత్రం నోరు పడిపోయిందా?" అంది.

మర్నాడు ఇద్దరం బడికి సెలవు చీటీ పంపి, బస్సెక్కి బెజవాడ వెళ్ళాం. లేడీ డాక్టర్ గది బయట నేను రెండుసార్లు లేచి పారిపోబోయాను. రెండుసార్లూ కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది.

గర్భసంచి మూతి దగ్గర చిన్న కండ పెరిగిందన్నారు. తీసేసి టెస్ట్‌కి పంపారు. రిజల్ట్ వచ్చేదాకా పది రోజులు నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. సుగుణే రోజూ మా ఇంటికొచ్చి నా పిల్లలకి జడలు వేసింది. చివరికి చెడ్డది కాదని తేలింది.

ఆ రోజు డాక్టరమ్మగారు అన్న మాట ఇది. "నెలసరి మధ్యలో కనబడినా, భర్తతో కలిశాక కనబడినా, ముట్లుడిగిపోయాక ఒక్క చుక్క కనబడినా వెంటనే రావాలమ్మా. అది వేడి కాదు. సబ్జాలతో పోదు."

సుగుణ ఆ మాట తీసుకెళ్ళి స్త్రీల సమాజం మీటింగ్‌లో నిలబడి చెప్పేసింది. ఆ రోజుల్లో! సగంమంది కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఒక పెద్దావిడైతే గట్టిగా ప్రార్థన మొదలుపెట్టేశారు. సుగుణ ఆమెన్ దాకా ఓపిగ్గా ఆగి, మళ్ళీ మొదటినించీ చెప్పింది.

ఆ తర్వాత ఎంతమందిని అలా బస్సెక్కించిందో. వాళ్ళలో కొందరు నిన్న సుగుణ ఇంటికొచ్చి గోడకి ఆనుకుని ఏడుస్తూ కూర్చున్నారు.

ఇక నేను చేసిన పని వినండి.

పోయిన క్రిస్మస్ నుంచి బల్ల ఆదివారాల్లో సుగుణ మెరూన్ చీర కట్టుకొస్తోంది. ఒకసారి నేరేడు రంగుది.

నేను చూశాను. చూసి ఏమన్నానో తెలుసా?

"డెబ్బై ఆరేళ్ళకి రంగుల మీద మోజు పుట్టిందేంటే?" అన్నాను.

అది నవ్వింది. "తెల్లచీరకి గంజి పెట్టే ఓపిక లేదే" అంది.

నేనూ నవ్వాను. ఇంటికొచ్చి అన్నం తిని పడుకున్నాను.

ఇంకెవరికీ తెలియకపోయినా నాకు తెలియాలి కదండీ. ముదురు చీర ఎందుకు కడతారో నాకంటే ఎవరికి బాగా తెలుసు?

ఈ వయసులో ఇదేంటని అందరూ నవ్వుతారనుకుందా? ఊరందరికీ చెప్పిన మనిషికి తన దగ్గరికి వచ్చేసరికి నోరెందుకు రాలేదు? కోడలికి చెప్పలేకపోతే నాకు చెప్పొచ్చుగా?

నేను అడిగుంటే చెప్పేది. ఒక్కసారి పక్కకి లాగి, గట్టిగా తిట్టి అడిగుంటే చెప్పేది.

నిన్నటి నుంచి బుర్రలో ఇదే తిరుగుతోంది. "మీ తప్పు కాదు" అని కామెంట్లలో రాయకండి, ప్లీజ్. ఆ మాట వింటే కోపం వస్తోంది.

మీ అమ్మని అడగండి. అత్తని, అమ్మమ్మని అడగండి. ఇవాళే. సిగ్గుపడితే వదిలేయకండి, మళ్ళీ అడగండి. డాక్టర్ దగ్గరికి మీరే వెంట వెళ్ళండి.

నిన్న సాయంత్రం సుగుణకి స్నానం చేయించి తెల్లచీర కట్టాం. గంజి పెట్టిన చీర. కుచ్చిళ్ళు నేనే పెట్టాను.

ఎక్కడా మరక లేదు.

వెళ్ళిరా సుగుణా. ఇక దాచుకునే పని లేదు. ప్రభువు దగ్గర నెప్పి లేకుండా, హాయిగా నిద్రపో.