దండాల దగ్గరే ఆగిన పాట

మొన్న నిజామాబాద్ కంఠేశ్వర్‌లో మా వీధి చివర గృహప్రవేశం జరిగితే, పొద్దున్నే మైకులోంచి మా అత్త గొంతు వినిపించింది. అత్త పోయి యాభై ఏళ్లు దాటింది. చాయ్ గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను. ఎవరో పాత రికార్డును ఫోనులోకి ఎక్కించారట, శుభకార్యాలకు బాగుంటుందని అందరూ అదే పెడుతున్నారట. ఆ మాట విని నవ్వాలో ఏడవాలో తెలియలేదు, ఎందుకంటే ఆ రికార్డు తీసిన రోజు అత్త పాడబోయింది చచ్చిపోయిన తన బిడ్డ పాట.

మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, బోధన్‌లో చెరకు కొట్టే కాలం వచ్చిందంటే చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు ఎడ్లబండ్లు బారులు తీరేవి, తూకానికి వంతు వచ్చేదాకా బండ్లవాళ్లు అక్కడే వండుకుని తినేవాళ్లు, వాళ్ల మధ్య గోనెపట్టా పరుచుకుని పాడే జట్టు మాది. మేనమామ తంబుర మీటుతూ ముందు నడిపించేవాడు, మా బాపు మద్దెల కొట్టేవాడు, మామ భార్య అయిన మా అత్త పాట ఎత్తుకుంటే నేనూ అక్కా వెనక వంత అందుకునేవాళ్లం. పసుపూ వరీ పండించుకునే ఇంటివాళ్లమే తప్ప పాట మా వృత్తి కాదు. ఆడవాళ్లు బండ్ల మధ్య పాడటమేమిటని నవీపేట్ చుట్టాలు మూతి విరిస్తే, మామ వాళ్ల మీద కూడా ఒక పాట కట్టి పాడేశాడు, దాంతో వాళ్ల రాకపోకలు తగ్గి మా అమ్మకు వంట పని తగ్గింది.

అత్తకు ఒక్కతే బిడ్డ. నడక వచ్చిన ఏడాదే తట్టు పోసి పోయింది, నాకప్పటికి ఊహ కూడా తెలియదు. ఆ పిల్లకు ఫోటో లేదు, ఆ రోజుల్లో ఎవరికి మాత్రం ఉండేది? పసుపు చేలో కలుపు తీస్తూ తీస్తూ అత్త ఆమె మీద పాట కట్టుకుంది. అడుగు ఎట్లా వేసేది, ఎవరిని చూసి ముఖం దాచుకునేది, ఏ ముద్దకు నోరు తెరిచేది, అన్నీ ఆ చరణాల్లోనే ఉండేవి. మనసు పుట్టినప్పుడే పాడేది, పాడినప్పుడల్లా ఏదో ఒకటి మార్చేది.

తర్వాత ఆమెకు ఆయాసం పట్టుకుంది. హైదరాబాదులో రికార్డులు తీసే ఒకాయన కందకుర్తిలో గోదావరి స్నానానికి వచ్చి, మా పాట విని రమ్మన్నప్పుడు, వద్దని మేమంతా అన్నా వినలేదు.

“నా ఊపిరి ఉన్నప్పుడే బిడ్డను అండ్ల పెట్టిపోత” అంది.

మా జట్టుకు ఒక పద్ధతి ఉండేది. ఎక్కడ కూర్చున్నా ముందు దండాలు పాడాలి. ఊరి దేవతకు, గోదావరికి, మంజీరకు, పాట నేర్పిన గురువుకు, ఎదురుగా కూర్చున్నవాళ్లకు, కట్టేసిన ఎడ్లకు కూడా. హైదరాబాదు స్టూడియోలో రికార్డాయన అవేవీ వద్దన్నాడు, రికార్డుకు ఒక్కో వైపు కొద్ది నిమిషాల పాటే పడుతుంది, నేరుగా పాటలోకి వెళ్లమన్నాడు. మొదటి వైపు మామ బండ్ల పాటను అట్లాగే పాడాడు కానీ, తప్పు చేసినవాడిలా చెమటలు కక్కుతూనే ఉన్నాడు. రెండో వైపు అత్త పాట. రికార్డు మొదలైందని చెప్పే ఎర్ర దీపం వెలగగానే మామ కళ్లు మూసుకుని దండాలు ఎత్తుకున్నాడు, మొదటి వైపు ఎగ్గొట్టినవి కూడా కలిపి పాడాడు. అత్త ఏం చేస్తుంది, అలవాటుకొద్దీ ఆమే పై గొంతు అందుకుంది. చివరి దండం ముగిసేసరికి దీపం ఆరిపోయింది.

రికార్డాయన ముఖం వెలిగిపోతోంది, ఇంత చక్కటి భక్తిపాట ఈమధ్య వినలేదన్నాడు.

“పాట ఇంక షురువే కాలేదయ్యా” అంది అత్త, మెల్లగా.

ఆయన వినిపించుకోలేదు, బయట ఇంకో జట్టు కాచుకుని ఉందని మమ్మల్ని లేపేశాడు. గట్టిగా అడగడం మాలో ఎవరికీ చేతకాలేదు. తిరుగు రైల్లో మామ అత్త వైపు వంగాడు.

“మన పిల్ల పాట గదనే, దేవుండ్లను తలసుకోకుంట ఎట్ల ఎత్తుకుంట?”

అత్త కిటికీ వైపు తిరిగి కూర్చుంది, నిజామాబాద్ వచ్చేదాకా ఇటు తిరగలేదు.

మా జట్టు తెచ్చిన మొదటి రికార్డు అదే, ఆఖరిదీ అదే. బోధన్ దగ్గర కాలువ కింద సేద్యం చేసుకునే కోస్తా ఆయన ఒకరి ఇంట్లో గ్రామఫోను ఉంటే, ఆయన మమ్మల్ని పిలిచి మర్యాదగా కూర్చోబెట్టి వినిపించాడు. దండాలు అయిపోగానే అత్త పాట ఎత్తుకోవడానికి ఊపిరి పీల్చుకోవడం పక్కనున్న నేను చూశాను, అంతలో ముల్లు గీరుకుంటూ ఆగిపోయింది. ఆ తర్వాత అత్త ఆ పాట మళ్లీ పాడలేదు. తర్వాతి వానాకాలంలోనే పోయింది. మామ తంబుర అటక మీద పెట్టేసి, అడిగినవాళ్లకు వేళ్లు నొప్పులని చెప్పేవాడు.

గృహప్రవేశం నాటి సాయంత్రం మా మనవరాలు ఫోను నా ముందు పెట్టి, ఎంతసేపైనా పాడమంది, ఇప్పుడు నిమిషాల లెక్క లేదు కదా అంది. నిజమే, ఇప్పుడు అన్నం తిన్నా రికార్డు చేస్తున్నారు, ఎర్ర దీపాలు లేవు, లేపేసేవాళ్లూ లేరు. “నడిచి రా బిడ్డా, నడిచి రా” అని రెండుసార్లు అని ఊరుకున్నాను. వంత పాడినదాన్ని, నాకు వచ్చింది అంతే, పాడినప్పుడల్లా మారిన చరణాలు అత్తతోనే పోయాయి. మామా బాపూ పోయారు, అక్కా పోయింది, ఆ పిల్ల పేరు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను, ఎట్లా నడిచేదో మాత్రం నాకు తెలియదు.