అత్తకు చదివి వినిపించిన విడుదల పత్రం

లా కాలేజీలో చేరిన మూడు నెలలకే నేను ఇంట్లోవాళ్లకు భరించరాని మనిషినైపోయాను. పెరుగు ఎవరు ఒలకబోశారని అమ్మ అడిగితే, ఎదుటి పక్షం వాదన వినకుండా తీర్పు చెప్పకూడదు, అది సహజ న్యాయసూత్రం అనేవాణ్ణి. "సూత్రం సరే, గుడ్డ తెచ్చి తుడువు" అనేది అమ్మ. పుదుచ్చేరి మొత్తానికి న్యాయం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అయినట్టు, నల్లకోటు రాకముందే ఠీవి మాత్రం వచ్చేసింది.

మా అత్త, నాన్నకు అక్క, అరియాంకుప్పంలో తాత కట్టిన ఇంట్లో ఒంటరిగా ఉండేది. ఇల్లు సగం ఆమెది, సగం నాన్నది. ఆ సగం తప్ప ఆమెకు ఇంకేమీ లేదు. పక్కింటాయన గోడ హద్దు మీద కేసు వేశాడు. సమన్లలో తన పేరుందని తెలిసిన రోజు నుంచి అత్తకు అన్నం సయించలేదు. "కోర్టు మెట్లు ఎక్కలేను తమ్ముడా, ఎట్టనో నన్ను విడిపించు" అని నాన్నను బతిమాలింది. నాన్న ఎంతో దయగలవాడు, వెంటనే విడిపించే ఏర్పాటు చేశాడు.

తమిళంలో ఒక పత్రం టైపు చేయించి తెచ్చాడు. మా ఇళ్లలో మాట్లాడేది తెలుగు, చదివేది తమిళం. అత్తకు ఏదీ చదవడం రాదు. "లా చదివేవోడివి గదా, అత్తకు మన మాటల్లో చెప్పు" అన్నాడు నాన్న. నేను గొంతు సవరించుకున్నాను. పైన లావు అక్షరాల్లో 'విడుదలై పత్తిరం' అని ఉంది. కింద ఒకే వాక్యం అరపేజీ సాగింది. దాన్ని తెలుగు చేసే ఓపిక ఈ మహాపండితుడికి లేకపోయింది.

"విడుదల పత్రం అత్తా. నీకింక విడుదల" అన్నాను.

"నా తండ్రే! ఆ కేసు యాడికి పోతే నాకేంది ఇంక!" అని అత్త అక్కడికక్కడే వేలిముద్ర వేసింది. నా ప్లేట్లో ఇంకో రెండు మురుకులు వేసింది. గర్వంగా తిన్నాను.

గురువారం రిజిస్ట్రేషన్. మంగళవారం క్లాసులో మాస్టారు ఒక లాటిన్ ముక్క చెప్పారు: నాన్ ఎస్ట్ ఫ్యాక్టమ్. 'ఇది నేను చేసిన పత్రం కాదు' అని అర్థం. చదవడం రాని మనిషికి ఒకటి చెప్పి ఇంకోదాని మీద వేలిముద్ర వేయిస్తే, ఆ మనిషి కోర్టులో అలా వాదించుకోవచ్చట. ఉదాహరణగా ఆయన తీసుకున్నది సరిగ్గా విడుదల పత్రమే. అందులో విడుదలయ్యేది మనిషి కాదు, ఆ మనిషి వాటా అన్నారు. వెనక బెంచీవాళ్లు నవ్వారు. నాకు అత్త వేలిముద్ర గుర్తొచ్చింది.

సాయంత్రం నాన్నను అడిగాను. "వాటా పోతుందని అత్తకు చెప్పినావా?"

"నేనేంది చెప్పేది? నువ్వే గదరా చదివి చెప్పినావు" అన్నాడు టీవీ మీంచి చూపు తిప్పకుండా. "వాటా లేకుంటే ఆమెను కోర్టుకు ఎవడు పిలుస్తాడు? అడిగిందే ఇచ్చినా."

ఇంత చక్కని డిఫెన్సు మా సీనియర్లకు కూడా తట్టదు. నేనేమైనా న్యాయం కోసం గర్జించానా? అబ్బే. కంచం ముందు కూర్చుని రెండోసారి సాంబారు వేయించుకున్నాను. ఛీ, ఏం బతుకు!

గురువారం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో, పత్రంలో ఏముందో తెలుసా అని ఆఫీసరు అత్తను అడిగాడు. అత్త నిండుగా నవ్వి నన్ను చూపించింది. "తెలుసు సార్. మా మేనల్లుడు లా చదువుతాడు. వాడే చదివి చెప్పినాడు."

ఆఫీసరు నావైపు చూశాడు. నాన్న కూడా చూశాడు, ఇంకోలా.

"తప్పు చెప్పినాను అత్తా" అన్నాను. "ఇది అయిపోతే ఇంట్లో నీ సగం నాన్నకు పోతుంది. కేసు గురించి ఇందులో ఒక్క ముక్క లేదు."

వేలిముద్ర యంత్రం మీద పెట్టబోయిన వేలు అత్త వెనక్కి తీసుకుంది. "నిజమా తమ్ముడా?" అంది. నాన్న గోడకున్న ఫీజుల పట్టికను శ్రద్ధగా చదవసాగాడు. ఆమె లేచి బయటికి నడిచింది.

నాన్న బండి మీద వెళ్లిపోయాడు. అత్తా నేనూ అరియాంకుప్పం బస్సెక్కాం. ఇల్లు నిలబెట్టాను గదా, ఒక మంచి మాట అంటుందేమోనని, సిగ్గు లేకుండా ఎదురుచూశాను. అత్త చిల్లర కోసం తన సంచీ వెతుకుతుంటే కోర్టు నుంచి కొత్తగా వచ్చిన కాగితం బయటపడింది.

"చదివి చెప్పేదా అత్తా?" అని చెయ్యి చాచాను.

ఆమె కాగితాన్ని మడిచి మళ్లీ సంచీలో పెట్టుకుంది.

"వద్దులే నాయనా. ఎవరన్నా బయటోళ్ల చేత చదివించుకుంటా."