నూకరత్నం కొట్టిన చెంపదెబ్బ

1956లో చోడవరంలోని ఒక హైస్కూల్లో సైన్సు అసిస్టెంటు టీచరుగా చేరాను. చేరిన రెండో నెలలోనే హెడ్మాస్టరు గదిలో ఒక విచారణ జరిగింది. హాజరైనవారు: హెడ్మాస్టరు, లెక్కల మాస్టారు, స్కూలు కమిటీ మెంబరు, ఆయన కొడుకు సత్యం, అతనితో ఫిఫ్తు ఫారం (ఇప్పటి పదో తరగతి) చదివే నూకరత్నం, నేను. కుర్చీలు నాలుగు. పిల్లలిద్దరూ నిలబడ్డారు. నూకరత్నం తండ్రి బెల్లం వండే కూలీ. ఆయన గుమ్మం బయటే ఉండిపోయాడు.

నేరం: తోటి విద్యార్థికి మనోవ్యథ కలిగించడం. మెంబరు కోరిన శిక్ష: టి.సి. ఇచ్చి పంపెయ్యడం. ఏడాది మధ్యలో టి.సి. ఇస్తే ఇంకో హైస్కూలు కోసం అనకాపల్లి వెళ్లాలి. కూలీ కూతురికి అది చదువు ఆగిపోవడంతో సమానం. నింద పడ్డ పిల్లల తరఫున ఒక ఉపాధ్యాయుడు మాట్లాడడం అక్కడి ఆనవాయితీ. సీనియర్లు ఎవరూ ముందుకు రాలేదు. ఆ పని నాకు అప్పగించారు.

జరిగింది ఇది. లెక్కల పీరియడ్లో ఒప్పు చెప్పినవాళ్లు, తప్పు చెప్పినవాళ్ల ముక్కు పట్టుకుని చెంప మీద కొట్టాలి. ఎవరైనా మెల్లగా కొడితే, ఎలా కొట్టాలో మాస్టారు వాళ్ల చెంప మీదే చూపించేవారు. ఆరోజు సత్యం తప్పు చెప్పాడు, నూకరత్నం ఒప్పు చెప్పింది. కొట్టమన్నారు, కొట్టింది. మర్నాటి నుంచి సత్యం బడికి రాలేదు.

"మా గుంటడు సరిగ్గా ముద్ద ముట్టడం నేదు మాస్టారూ! ఆడగుంట సేత దెబ్బ తిన్నాక ఈడు బజార్లో తలెత్తుకుని ఎలా తిరుగుతాడు?" అన్నాడు మెంబరు.

ఎందుకు కొట్టావని నూకరత్నాన్ని అడిగాను.

"మాస్టారు కొట్టమన్నారండి. మెల్లగా కొడితే నాకు పడతాదండి."

లెక్కల మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఆదేశం మీదేనా అని అడిగాను. క్రమశిక్షణ విషయాలు జూనియర్లకు తెలియవన్నారు. నాకు ఒళ్లు మండింది. సత్యం వైపు తిరిగాను.

"నువ్వెప్పుడైనా ఎవరినైనా కొట్టేవా?"

"కొట్టేనండి."

"ఎవర్ని?"

"దీన్నేనండి. మొన్న వడ్డీ లెక్క తప్పు సెప్పింది."

"మరి అప్పుడీ పిల్ల అన్నం మానేసిందా?"

"దీనికేటండి! ఎల్లి కూకుని మళ్లీ లెక్క సేసుకుంది."

"మరి నువ్వెందుకు మానేసేవు?"

వాడు తండ్రి వైపు చూసి తల దించుకున్నాడు. "దెబ్బ తగల్లేదండి. సెరువు కాడ మావోళ్లు, 'ఒరే, ఆడగుంట సేత తిన్నోడొచ్చేడ్రా' అంటన్నారు. ఇంట్లో నాన్న కూడా అదే అంటన్నాడు."

ఆ కుర్రాడి బాధ నిజమే. దాన్ని కలిగించినవాళ్లలో నూకరత్నం లేదు. ఆ మాటే హెడ్మాస్టరుకు చెప్పాను: దెబ్బకు ఆదేశం మాస్టారిది, ఎగతాళి స్నేహితులది, దాన్ని ఇంటిదాకా తెచ్చింది తండ్రి. మెంబరు కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు.

అప్పుడు గుమ్మం బయట నుంచి నూకరత్నం తండ్రి అన్నాడు: "బాబూ, మాకీ గొడవొద్దు. సదివింది సాలు, మానిపించేత్తాను."

"నానేటి సేసేను అయ్యా?" అంది ఆ పిల్ల. అంతసేపూ ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది.

హెడ్మాస్టరు కళ్లద్దాలు తుడిచి పెట్టుకున్నారు. టి.సి. ఇవ్వనన్నారు. నేను గెలిచాననుకున్నాను. మర్నాడు స్టాఫు రూములో ఆయన ఉత్తర్వు అంటించారు: ఇటువంటి ఇబ్బంది మళ్లీ రాకుండా, లెక్కల పీరియడ్లో ఆడపిల్లలను ప్రశ్నలు అడగరాదు. ముక్కు పట్టుకుని కొట్టడం గురించి అందులో ఒక్క ముక్క లేదు. అది మగపిల్లల మధ్య యథాప్రకారం సాగింది. నేను అభ్యంతరం రాసి ఇచ్చాను. జవాబు రాలేదు.

ఆ విచారణలో నేను నేర్చుకున్నది ఇది: నింద పడ్డవాళ్లను విడిపించడంతో పని పూర్తి కాదు, ఆ తర్వాత వచ్చే ఉత్తర్వు కూడా చదవాలి. తండ్రి మానిపించలేదు, నూకరత్నం బళ్లోనే ఉంది. రోజూ లెక్కల పీరియడ్లో ముందు బెంచీలో కూర్చునేది. ఆ ఏడాది మిగతా కాలమంతా ఆ పీరియడ్లో ఆమెను అడిగిన ప్రశ్నలు సున్న.