లలితాంబ చెప్పిన నాకా

మాధవీలత పుట్టి పెరిగింది తుంగభద్ర కాలువ కింద, పున్నయ్య క్యాంపులో. తాతల కాలంలో గుంటూరు వైపు నుంచి వచ్చి వరి వేసుకున్న కుటుంబాల ఊరది. మూడు రోడ్లు కలిసే చోట రెండు టీ బడ్డీలు, ఒక ఎరువుల కొట్టు ఉంటే దాన్ని వాళ్లు సెంటర్ అంటారు. అదే చోటును బస్సు కండక్టరు క్రాస్ అంటాడు. పెళ్లయి రాయచూరు వచ్చాక ఆమెకు అత్తగారు లలితాంబ నోట మూడో మాట వినబడింది.

"సెంటర్‌కి వెళ్లి కూరలు తెస్తా అత్తయ్యా" అంది కొత్తలో ఒకరోజు.

లలితాంబ నవ్వింది. "గీ ఊర్ల సెంటరేంది? చౌరస్త అను, సమజైతది."

తప్పుబట్టాలని అన్నది కాదు గానీ మాధవీలత మనసు చివుక్కుమంది. ఆ రాత్రే తల్లికి ఫోన్ చేసి అత్తగారి యాసను అనుకరించి చెప్పింది. తల్లీ కూతురూ పడి పడి నవ్వుకున్నారు. అప్పటి నుంచి అత్తగారు ఊరి సంగతులు ఎత్తితే సగం చెవితోనే వినేది. అత్తగారు కూడా కోడలి క్యాంపు గురించి ఒక్కనాడూ అడిగింది లేదు. రెండేళ్లు అలాగే గడిచాయి.

నిరుడు ఎండాకాలంలో లలితాంబ అన్నయ్య కేశవులుకు ఒంట్లో బాగాలేదని చంద్రబండ నుంచి కబురొచ్చింది. మాధవీలత భర్త అంబరీశ్ గిన్నెల దుకాణానికి సరుకు తేవడానికి హైదరాబాదు వెళ్లి ఉన్నాడు.

"నేనూ వస్తా అత్తయ్యా."

"దుకాణం ఎవరు చూస్తరు? నా పుట్టినూరికి పోను నాకు తోడెందుకు?" అని లలితాంబ ఒక్కతే బయల్దేరింది. ఫోను ఛార్జింగులోనే మరిచిపోయింది.

కాసేపటికి తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది. "మాధవీ, నేను. కాలు మడతవడ్డది, లేవ వస్తలేదు. నాకా కాడ కూసున్న. జర జల్ది రా."

"నాకానా? ఎక్కడత్తయ్యా అది?"

అప్పటికే లైను తెగిపోయింది. మళ్లీ చేస్తే ఎవరో కుర్రాడు ఎత్తాడు. ఆ పెద్దావిడకు ఫోనిచ్చి తను బస్సెక్కేశానని, ఆ చోటు పేరు తనకు తెలియదని కన్నడంలో చెప్పాడు.

మాధవీలత దుకాణం మూసి ఆటో ఎక్కింది. డ్రైవరు విరూపాక్ష పాతికేళ్లవాడు. "నాకా? గొత్తిల్లక్కా" అని తల అడ్డంగా ఊపాడు. "సర్కిల్ పేరు చెప్పండి, పోదాం."

ఒక సర్కిల్ చూశారు, మరొకటి చూశారు. బస్సుల కోసం నిలబడ్డ జనంలో అత్తగారి ఆకుపచ్చ చీర ఎక్కడా లేదు. దారిన పోయేవాళ్లను అడిగితే ఒకరు అటని, ఒకరు ఇటని చూపించారు. అత్తగారు ఇన్నాళ్లూ చెబుతూనే ఉంది కదా, తను వినలేదు కదా అని మాధవీలతకు ఏడుపొచ్చింది.

ఆటో ఆపించి కళ్లు మూసుకుంది. బండ్లు. అవును, నాకా అంటూ ఏదో బండ్ల గురించి చెప్పేది. పల్లీల బస్తాలతో వాళ్ల నాన్న బండి కట్టేవాడనీ, రాయచూరు మొగదల గేటు వేసి పన్ను కోసం ఆపేవారనీ.

పక్కనే నిమ్మకాయలు అమ్ముతున్న ముసలామెను అడిగింది. "అవ్వా, వెనకటికి బండ్లు ఆపి పన్ను తీసుకునే చోటు ఏది? చంద్రబండ పోయే వైపు."

"నాకా అను మరి!" అంది ముసలామె. "గేటు తీసేసి ఎన్నేండ్లాయె. గా పెట్రోల్ బంకు దాటినంక మూడు తొవ్వలు కలుస్తయి, గదే."

విరూపాక్ష తెల్లబోయాడు. "అయ్యో, అది ట్యాంకర్ క్రాస్ అక్కా!"

లలితాంబ పంక్చర్ల షాపు రేకుల నీడలో కూర్చుని ఉంది. చీలమండ బూరెలా వాచింది. కోడల్ని చూడగానే మొదట కోప్పడింది. "ఎంతసేపు? నాకా అని చెప్తిగద!"

"ఇక్కడ గేటు లేదు, గుర్తు లేదు. నాకెలా తెలుస్తుందత్తయ్యా?" అంటూనే మాధవీలత ఆమె పక్కన కూలబడి భోరుమంది.

లలితాంబ కోడలి వీపు మీద చెయ్యి వేసింది. "నిజమే బిడ్డా. గేటు నా కండ్లల్లనే ఉన్నది. నీకెట్ల కనవడతది?"

ఎముక చిట్లిందని ఆస్పత్రిలో కట్టు వేశారు. చంద్రబండ ప్రయాణం ఆగిపోయింది. మంచం మీద ఉన్న రోజుల్లో లలితాంబ మొదటిసారి కోడల్ని క్యాంపు గురించి అడిగింది. మూడు రోడ్లు ఎటెటు పోతాయి, ఆ టీ బడ్డీలు ఎవరివి అని. మాధవీలత చెబుతుంటే మధ్యలో "సెంటర్ల గుడి లేదా?" అని ఆరా తీసింది. ఆవిడ నోట ఆ మాట విని మాధవీలత చెప్పేది ఆపి ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది.

కొంచెం కోలుకున్నాక కేశవులే చెల్లెల్ని చూడటానికి కర్ర పట్టుకుని వచ్చాడు.

"నన్ను చూడవస్తవనుకుంటే, నిన్ను చూడ నేనే రావలసొచ్చె!" అన్నాడు. ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ తర్వాత బండ్ల ముచ్చట మొదలైంది. మాధవీలత పొయ్యి ఆపి వచ్చి మంచం పక్కన కింద కూర్చుంది.

"గేటు తెరిచేదాకా బండ్లో ఏం చేసేవారు మామయ్యా?"

"ఏం చేస్తం?" అన్నాడు కేశవులు. "నాయన చూడకుండ బస్తకు బొక్క చేసి పల్లీలు ఒలుచుకుంటుంటిమి. పల్లీల పొట్టంత గీమె ఒడిలనే దాచిపెడుతుండె."