తొక్కని పచ్చిక

తహసీలు కచేరీ ముందున్న పచ్చిక చూసి మోజుపడి, మా వాకిట్లోనూ గడ్డి పెంచాను. వేపచెట్టు నీడకు అది ఎప్పుడూ పలచనే. పైగా ఏటా ఆడోళ్లు దాని మీదే బతుకమ్మ ఆడి, తిరిగినంత మేరా గుండ్రంగా బోడి చేసి పోయేవాళ్లు. పండుగ కాగానే నేను వేప కింది కొమ్మలు నరికి, నేల గుల్ల చేసి, పెంట ఎరువు కలిపి గరిక నాటేవాణ్ణి. నా భార్య రాజవ్వ నీళ్లు పోసేది.

ఈ ఎండాకాలం రాజవ్వ చనిపోయింది. పండుగకు మా వాకిట్లోకి ఎవరూ రాలేదు. రమ్మని అడగడం నాకు చేతకాదు.

ఈ రోజు పొద్దున అలవాటుకొద్దీ గడ్డపార, గరిక వేళ్లు పట్టుకుని బయటికొచ్చాను. నాటడానికి చోటే లేదు. నీడలో కూడా గడ్డి నిండుగా లేచింది.

పక్కింటి కోడలు లచ్చవ్వ బాయికాడ నీళ్లు చేదుతోంది. ఉండబట్టలేక అడిగాను.

"ఏం బిడ్డా, గీ యేడు మా వాకిట్ల ఆడలేదేంది?"

"సావైన ఇల్లు గదా మామా. ఏడాదిదాకా ఎట్ల ఆడుతం?"

"మైల నాకు గానీ గడ్డికేం మైల?"

ఆమె నవ్వబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పాట ఎత్తేది రాజత్తనే గదా మామా. గిప్పుడు ఎవ్వలెత్తుతరు?"

గరిక వేళ్లు గోడ పక్కన పడేసి లోపలికొచ్చాను.

ఇంత నిండు పచ్చిక కచేరీ ముందు కూడా లేదు. నమ్మకుంటే వచ్చి చూడండి. మీ ఇంట్లో పాడేవాళ్లుంటే వెంట తీసుకురండి. ఎంత తొక్కినా సరే, మళ్లీ నాటుకుంటాను.